అటక మీది పాత నెగెటివ్‌లు: గుర్తుపట్టడం, శుభ్రం చేయడం, స్కాన్ చేయడం, దాచడం

మలక్‌పేటలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. లోపల స్టూడియో కవర్లు, వాటిలో నెగెటివ్‌లు. ఆల్బమ్‌లను అప్పటికే అందరూ పంచేసుకున్నారు. ఈ డబ్బా గురించి మాత్రం ఎవరూ అడగలేదు. "ఫోటోలు ఉన్నాయి కదమ్మా, మళ్లీ ఇవెందుకు?" అన్నాడు బాబాయి.

ఆ రాత్రి ట్యాబ్ తెల్లగా వెలిగించి ఒక ముక్కను దాని మీద పెట్టి చూశాను. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తీసిన మూడు ఫ్రేములు. మొదటిది మా ఆల్బమ్‌లో ఉన్నదే. నానమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని, నిటారుగా నిలబడి, పెదవులు బిగించి ఉంటుంది. రెండో ఫ్రేములో ఆవిడ తల వెనక్కి వాల్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, పెట్టుకునేలోపే పగలబడి నవ్వేసింది. ముప్ఫయ్యేళ్లు ఆవిడ దగ్గర పెరిగాను. ఆవిడ అలా నవ్వడం ఎన్నడూ చూడలేదు. ఆ ఫ్రేముకి ప్రింటు వేయించలేదు. రీలు కడిగించడానికి ఒక ఖర్చు, ప్రింట్లకి ఇంకో ఖర్చు అయిన రోజుల్లో "బాగా వచ్చినవి" మాత్రమే వేయించేవాళ్లు. నవ్వి కదిలిపోయిన మనిషి బాగా వచ్చినట్టు లెక్క కాదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఆల్బమ్‌లో ఉన్నవి ఇంట్లో పెద్దవాళ్లు ఏరి పెట్టినవి. ఏరకముందు ఏముందో తెలియాలంటే నెగెటివ్‌లే చూడాలి. ఇల్లు మారేటప్పుడు మనం ముందుగా పారేసేది కూడా వాటినే. మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే దాన్ని ఎలా తెరవాలో, ఎలా గుర్తుపట్టాలో, ఎలా స్కాన్ చేసి ఎక్కడ దాచాలో నేను నేర్చుకున్నంతా ఇక్కడ చెబుతున్నాను.

ముందు, మీ చేతిలో ఉన్నదేమిటో

1835 ఆగస్టులో ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆయన లకాక్‌లోని తన ఇంటి కిటికీని ఓ చిన్న కాగితం ముక్క మీదికి ఎక్కించాడు. కెమెరాతో తీసిన నెగెటివ్‌లలో నేటికీ మిగిలి ఉన్న అతి పాతది అదే. అదే కాలంలో ఫ్రాన్స్‌లో దాగేర్ కనిపెట్టిన పద్ధతిలో వెండి పూసిన రాగి రేకు మీద బొమ్మ అద్భుతంగా వచ్చేది కానీ, ఒక్కటే వచ్చేది. టాల్బట్ దారిలో బొమ్మ తిరగబడి వస్తుంది, తెలుపు నలుపవుతుంది. అయితే దాన్నుంచి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. ఈ తిరగబడ్డ బొమ్మకి 'నెగెటివ్' అనీ, సరిచేసిన దానికి 'పాజిటివ్' అనీ 1840లో పేర్లు పెట్టింది జాన్ హెర్షెల్. మన స్టూడియోలవాళ్లు హైపో అని పిలిచే మందు వెండి లవణాలను కరిగిస్తుందని 1819లోనే కనుక్కున్నది కూడా ఆయనే.

లోపల జరిగేది ఇది. జెలటిన్ పొరలో వెండి లవణాల సన్నటి రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన చోట ఆ రేణువుల్లో కంటికి కనిపించని మార్పు వస్తుంది. డెవలపర్‌లో ముంచినప్పుడు మార్పు వచ్చిన రేణువులే నల్లటి వెండిగా మారతాయి. తగలనివాటిని హైపో కడిగేస్తుంది. అంటే బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో కనిపించే నలుపు నిజమైన వెండి. మా నానమ్మ తెల్లచీర మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురు ఆ ముక్కనే తాకింది. ప్రింటు ఆ తర్వాత ఎప్పుడో డార్క్‌రూమ్‌లో పుట్టింది.

కాగితం తర్వాత గాజు వచ్చింది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పూసే పద్ధతి తెచ్చాడు. పలక తడి ఆరేలోపే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. కాబట్టి ఫోటోగ్రాఫర్ ఎక్కడికెళ్లినా డార్క్‌రూమ్ గుడారం కూడా వెంట వెళ్లాల్సిందే. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్‌తో పొడి పలకల దారి చూపించాక ఆ కష్టం తీరింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ పని అంతా గాజు పలకల మీదే. పర్దా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచారు. ఆయన 1905లో పోయారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 సేకరించింది. ఎనభై ఏళ్లకు పైగా ఎవరో వాటిని పగలకుండా, తడవకుండా కాపాడారు. అంతటి పనిని మన ఇంటి స్థాయిలో చేయడమే మన ఉద్దేశం.

మొదటి అడుగు: తెరవగానే వాసన చూడండి

డబ్బాను కిటికీ పక్కన, గాలి ఆడే చోట తెరవండి. దీపం, అగరొత్తి, స్టవ్, సిగరెట్ ఏవీ దగ్గర ఉండకూడదు. ఊరికే జాగ్రత్త కోసం చెబుతున్న మాట కాదిది. ఈస్ట్‌మన్ కంపెనీ 1889లో అమ్మకానికి తెచ్చిన పారదర్శక ఫిల్మ్ సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసింది. అది భయంకరంగా మండుతుంది. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరదు. కొడాక్ 1951 దాకా నైట్రేట్ ఫిల్మ్ తయారుచేసింది. 2003లో పుణెలో పాత సినిమాల నైట్రేట్ రీళ్లు దాచిన చోట మంటలు లేచి, ఎన్నో మన పాత సినిమాలు బూడిదయ్యాయి.

మీ నెగెటివ్ అంచు మీద సేఫ్టీ అనే ఇంగ్లిష్ మాట ఉంటే భయం లేదు, అది నైట్రేట్‌లా మండిపోని ఎసిటేట్ ఫిల్మ్. ఆ మాట లేకుండా, 1950కి ముందుదై, పసుపు గోధుమ రంగుకి తిరిగి, చేతికి జిగటగా తగిలి, ముక్కు మండించే వాసన వస్తుంటే నైట్రేట్ అనుకోవడమే మంచిది. మూల కత్తిరించి అగ్గిపుల్లతో అంటించి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని ఇంట్లో ఎప్పుడూ చేయకండి. అలాంటివి దొరికితే గట్టిగా మూసిన డబ్బాలో పెట్టకుండా, ఒక్కోదాన్ని కాగితపు కవర్లో పెట్టి, ఇంట్లోకెల్లా చల్లటి చోట ఉంచి, ముందు వాటినే కెమెరాతో కాపీ చేయండి. ఆ తర్వాత అనుభవం ఉన్న ఆర్కైవ్‌ను సంప్రదించండి. బాగా చెడిన నైట్రేట్‌ను మే నెల వేడిలో అటక మీద ఉంచడం ప్రమాదం.

వెనిగర్ లాంటి పులిసిన వాసన అయితే అది ఎసిటేట్ చెడిపోతున్న గుర్తు. వేడికీ తేమకీ ఫిల్మ్ విచ్చిపోయి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ను ఇంకా వేగంగా పాడుచేస్తుంది. పక్కన ఉన్న మంచివాటికీ తగులుతుంది. అంచులు అలలు అలలుగా ముడుచుకోవడం, పొర మీద కాలువల్లాంటి మడతలు రావడం తర్వాతి దశలు. ఇది వెనక్కి తిప్పగలిగేది కాదు, నెమ్మది చేయగలిగేది మాత్రమే. వాసన వచ్చేవాటిని వెంటనే వేరే డబ్బాలోకి మార్చి, మీ వరుసలో మొదట పెట్టండి.

రెండో అడుగు: చేతికి కావలసినవి

ఖర్చు పెద్దగా ఏమీ లేదు. పీచు రాలని నూలు గ్లోవ్స్ రెండు జతలు, కెమెరా లెన్స్ శుభ్రం చేసే రబ్బరు బ్లోయర్, మెత్తటి వెడల్పు బ్రష్, భూతద్దం, మెత్తటి పెన్సిల్, శుభ్రమైన తెల్ల కాగితాలు. వెలుతురు కోసం ట్యాబ్ గానీ, గీతలు గీసుకునే ఎల్ఈడీ ప్యాడ్ గానీ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో కెమెరా సామాన్లన్నీ ఒక్కచోట దొరుకుతాయి.

నోటితో ఊదకండి. తుంపర పడితే మచ్చ మిగిలిపోతుంది. నెగెటివ్‌ను ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి. వేలిముద్ర పడితే చర్మం మీది నూనె, ఉప్పు జెలటిన్‌లోకి దిగి, కొన్నేళ్లకు ఆ ముద్ర బొమ్మలో భాగమైపోతుంది. మా డబ్బాలో అలాంటిది ఒకటి ఉంది. తాతయ్య బొటనవేలే అయ్యుంటుంది.

మూడో అడుగు: ఏ వైపు ఏది, ఏ కాలానిది

నెగెటివ్‌ను పక్కవాటంగా దీపానికి వంచి చూడండి. ఒకవైపు నిగనిగలాడుతుంది, అది ఫిల్మ్ వీపు. రెండోవైపు కాస్త మసకగా ఉంటుంది, అదే ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పొర. అంచు మీది అక్షరాలు సవ్యంగా చదవగలుగుతున్నారంటే నిగనిగలాడే వైపు మీకేసి ఉన్నట్టు. గీతలు ఏ వైపు పడినా నష్టమే కానీ ఎమల్షన్ మీద పడితే ఆ చోట బొమ్మే పోతుంది.

ఇక సైజు. గాజు పలకలైతే స్టూడియోలవి ఎక్కువగా ఫుల్ ప్లేట్, హాఫ్ ప్లేట్, క్వార్టర్ ప్లేట్ కొలతల్లో ఉంటాయి. అంచున కన్నాలు లేకుండా ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న ఫిల్మ్ అయితే అది 120. ఈ సైజు 1901లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. మన ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలతో తీసినవి ఇవే. చదరంగా ఉండే పన్నెండు ఫ్రేములు ఒక రీలు. రెండు అంచులా కన్నాలుంటే 35 ఎంఎం. సినిమా ఫిల్మ్‌నే చిన్న కెమెరాలో వాడుకునే ఆలోచనకు 1925లో లైకా కెమెరా ఊపు తెచ్చింది. 1934లో కొడాక్ దాన్ని డబ్బీలో పెట్టి అమ్మడంతో ఇంటింటికీ చేరింది. రీలుకి 36 ఫ్రేములు వచ్చేసరికి మనుషులు ఫోటో కోసం బిగుసుకుపోవడం తగ్గింది. అందుకే 35 ఎంఎం రీళ్లలో ఎవరూ చూడని ఫ్రేములు ఎక్కువ దొరుకుతాయి.

అంచు మీద ఏం రాసుందో భూతద్దంతో చదవండి. కాలం తేల్చడానికి అదే మొదటి సాక్ష్యం. ఓర్వో అని ఉంటే 1964 తర్వాతది. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ ఫ్యాక్టరీ ఆ ఏడాదే ఆ పేరు పెట్టుకుంది. ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 అయితే 1968 తర్వాత, హెచ్‌పీ5 అయితే 1976 తర్వాత. ఇందు అని కనిపిస్తే అది ఊటీలో 1960లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారీ. నెగెటివ్ నారింజ రంగులో ఉందంటే కలర్. కలర్ నెగెటివ్‌లు కడగడానికి నేటికీ ల్యాబ్‌లు వాడే సీ-41 పద్ధతి 1972లో వచ్చింది.

అంచు తర్వాత బొమ్మలోని ఊరిని చదవండి. హైదరాబాద్‌లో తీసినవైతే ఈ పని చాలా సరదాగా ఉంటుంది, నాకు గంటలు గంటలు గడిచిపోయాయి. ట్యాంక్‌బండ్ మీద నుంచి తీసిన ఫోటోలో హుస్సేన్ సాగర్ మధ్య బుద్ధుడి విగ్రహం లేకపోతే అది 1992 డిసెంబర్‌కి ముందుది. 1990 మార్చిలో తరలిస్తుండగా విగ్రహం నీళ్లలో మునిగిపోయి, రెండున్నరేళ్లకు పైగా అడుగునే ఉంది. నౌబత్ పహాడ్ మీద తెల్లటి బిర్లా మందిర్ పూర్తయి కనిపిస్తే 1976 లేదా ఆ తర్వాత. బండి నంబరు ఏపీ 9 అనో ఏపీ 10 అనో ఉంటే 1989 కొత్త పద్ధతి వచ్చాక తీసింది. దుకాణాల బోర్డులు, సినిమా పోస్టర్లు, గోడమీది క్యాలెండర్లు ఎంత చిన్నగా ఉన్నా వదలకండి. ప్రింటులో కత్తిరించి పారేసిన అంచుల్లోనే ఇలాంటివి మిగిలి ఉంటాయి.

నాలుగో అడుగు: శుభ్రం చేయడం

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. మేనత్త పెళ్లి నెగెటివ్‌ల మీద సాలెగూడు లాగా బూజు పట్టి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెడితే పోతుందనుకున్నాను. రెండు నిమిషాల్లో మండపం, పెళ్లికొడుకు, పక్కనున్న పురోహితుడు అందరూ పలచటి పాలమీగడలా ఫిల్మ్ మీద నుంచి జారి గిన్నెలో తేలారు. చేత్తో పట్టుకోబోతే కరిగిపోయారు. బూజు జెలటిన్‌ను తినేసి, దాన్ని నీటిలో కరిగేలా మార్చేస్తుందని తర్వాత తెలిసింది. ఆ నాలుగు ఫ్రేములకి ప్రింట్లు లేవు. మేనత్తకి చెప్పడానికి నాకు వారం పట్టింది.

కాబట్టి బూజు పట్టినవాటికి నీళ్లు తగలనివ్వకండి. ముందు ఎండబెట్టండి. ఎండలో కాదు, నీడలో, పొడిగాలిలో. సిలికా జెల్ వేసిన డబ్బాలో కొన్ని రోజులు ఉంచితే బూజు ఎండి పొడిగా మారుతుంది. అప్పుడు మాస్క్ పెట్టుకుని, బాల్కనీలో, మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో దులపండి.

మామూలు దుమ్ముకి బ్లోయర్ సరిపోతుంది. ముందు బ్లోయర్, ఆ తర్వాతే బ్రష్. దుమ్ము ఉండగానే బ్రష్ పెడితే ఇసుక రేణువులతో గీసినట్టవుతుంది. జిడ్డు, వేలిముద్రలు ఉన్న సేఫ్టీ ఫిల్మ్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పీచు రాలని గుడ్డకి కొద్దిగా అద్ది, నిగనిగలాడే వైపు నెమ్మదిగా తుడవండి. మందుల షాపులో దొరికే స్పిరిట్, శానిటైజర్ పనికిరావు, వాటిలో నీళ్లు కలిసి ఉంటాయి. నైట్రేట్ మీద, గాజు పలకల ఎమల్షన్ మీద ఆల్కహాల్ వాడకండి. పాత గాజు పలకలకు పైన వార్నిష్ పూసి ఉండవచ్చు, ఆల్కహాల్‌కి అది కరుగుతుంది. గాజు వైపు మాత్రం కొద్దిగా తడి చేసిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టవచ్చు. ఒకదానికొకటి అతుక్కుపోయిన నెగెటివ్‌లను లాగి విడదీయకండి. అలాగే పక్కన పెట్టి, ఇలాంటివి బాగుచేసే నిపుణులు, అంటే కన్జర్వేటర్ దొరికేదాకా ఆగండి.

తుడిచే ముందు ఇంకొకటి చూడాలి. మా తాతయ్య పెళ్లికి ముందు తీయించుకున్న హాఫ్ ప్లేట్ నెగెటివ్ ఒకటి డబ్బాలో ఉంది. దీపానికి వంచితే బుగ్గల మీద సన్నటి మెరుపు చుక్కలు, గీతలు. మురికి అనుకుని గుడ్డ తీశాను. అదృష్టం కొద్దీ, ముందు సికింద్రాబాద్‌లో ఒక పాత స్టూడియో పెద్దాయనకి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, నెగెటివ్‌ను కిటికీకేసి పట్టి, "ముట్టుకోకమ్మా, ఇది టచప్" అన్నారు. "పెన్సిల్ మొనని గరుకు కాగితం మీద సూదిలా సానపట్టి, చుక్క చుక్క పెట్టేవాళ్లం. మీ తాతగారికి మశూచి మచ్చలు ఉండేవా?"

ఉండేవి. ప్రింటులో నల్లగా కనిపించాల్సిన గుంటలు నెగెటివ్‌లో ఖాళీగా, పారదర్శకంగా ఉంటాయి. ఆ ఖాళీలో పెన్సిల్ సీసం నింపితే వెలుతురు ఆగి, ప్రింటులో బుగ్గ నున్నగా వస్తుంది. మా హాల్లో అరవై ఏళ్లుగా వేలాడుతున్న ఫోటోలో తాతయ్య ముఖం మీద ఒక్క మచ్చ లేదు. నెగెటివ్‌లో మాత్రం ఆ మచ్చలూ ఉన్నాయి, వాటిని ఓపిగ్గా పూడ్చిన చెయ్యీ ఉంది. పాత స్టూడియో నెగెటివ్‌ల ఎమల్షన్ వైపు గుడ్డ పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఐదో అడుగు: స్కాన్ చేయడం

మొదట ఫోన్‌తో ఒక చూపు చూడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద రంగులు తిరగేసే సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేసి, వెలుగుతున్న ట్యాబ్ మీద నెగెటివ్ పెట్టి కెమెరా తెరిస్తే బొమ్మ సవ్యంగా కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి చూపించడానికి ఇదే చాలు. దాచుకునే కాపీకి మాత్రం ఇది చాలదు.

ముందు ఏవి చేయాలన్న దానికి నా వరుస ఇది. వెనిగర్ వాసన వచ్చేవి, తర్వాత కలర్‌వి, చివర మంచి స్థితిలో ఉన్న బ్లాక్ అండ్ వైట్. కలర్ నెగెటివ్‌లో వెండి మిగలదు, కడిగేటప్పుడే తీసేస్తారు. మిగిలేవి రంగులు మాత్రమే, అవి చీకట్లో ఉన్నా నెమ్మదిగా వెలిసిపోతాయి. అందుకే 1990ల నాటి మీ చిన్నప్పటి పుట్టినరోజులు, తాతల నాటి బ్లాక్ అండ్ వైట్ కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి.

స్కాన్‌కి రెండు దారులు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొంటే మూతలో దీపం ఉన్నదే కొనాలి. మామూలు ఆఫీసు స్కానర్ నెగెటివ్‌కి పనికిరాదు. ఎప్సన్ వీ600 లాంటివి 35 ఎంఎం, 120 రెండింటినీ తీసుకుంటాయి. 35 ఎంఎం ఫ్రేమును 3200 డీపీఐలో, అంటే అంగుళానికి 3200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 14 మెగాపిక్సెల్ బొమ్మ వస్తుంది. 120 చదరపు ఫ్రేముకి 1600 డీపీఐలోనే 12 దాకా వస్తుంది. స్కానర్‌లో దుమ్ము మచ్చలు తీసేసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం కలర్ నెగెటివ్‌లకే వాడండి. బ్లాక్ అండ్ వైట్‌లోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌నీ ఆపేస్తుంది కాబట్టి స్కానర్ బొమ్మనే మచ్చ అనుకుని చెరిపేస్తుంది.

రెండో దారి కెమెరా. మీ దగ్గర డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఉంటే బాగా దగ్గర నుంచి తీయగల మాక్రో లెన్స్ ఒకటి అద్దెకు తెచ్చుకుని ఓ ఆదివారంలో పది రీళ్లు ముగించవచ్చు. నాకు ఇదే నచ్చింది. ఎల్ఈడీ ప్యాడ్ మీద, దానికి రెండు మూడు అంగుళాల ఎత్తులో నెగెటివ్ హోల్డర్ నిలబెట్టండి. అప్పుడు ప్యాడ్ మీది దుమ్ము, చుక్కలు బొమ్మలోకి రావు. ప్యాడ్ కొనేటప్పుడు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 95 లేదా అంతకంటే ఎక్కువ ఉందేమో చూడండి, కలర్‌వాటికి అది ముఖ్యం. ట్రైపాడ్ మీద కెమెరాను నిట్టనిలువుగా కిందికి వంచాలి. సరిగ్గా వంగిందో లేదో తెలియడానికి నెగెటివ్ ఉండే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే చాలు. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేయండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా ఫార్మాట్, రెండు సెకన్ల టైమర్. ఎమల్షన్ వైపు లెన్స్‌కేసి పెట్టి తీసి, తర్వాత కంప్యూటర్‌లో బొమ్మను అటు ఇటుగా తిప్పండి.

ఫ్రేము ఒక్కటే కాకుండా అంచులు, కన్నాలు, అక్షరాలు కూడా పడేలా తీయండి. ఏ ఫ్రేము తర్వాత ఏ ఫ్రేమో చెప్పేవి అవే. బ్లాక్ అండ్ వైట్‌ని తిరగేయడం తేలిక, ఏ ఎడిటర్‌లోనైనా ఇన్వర్ట్ నొక్కితే అయిపోతుంది. కలర్‌కి నారింజ పొర తీసేయాలి. డబ్బు పెట్టనక్కర్లేని డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో దానికోసమే నెగడాక్టర్ అనే భాగం ఉంది. రెండు ఫ్రేముల మధ్య ఖాళీగా ఉండే నారింజ పట్టీని ముందుగా దానికి చూపించాలి, అక్కడి నుంచి రంగులు దారికి వస్తాయి. దాచుకునేవి 16 బిట్ టిఫ్‌లో, వాట్సాప్‌లో పంపేవి జేపెగ్‌లో పెట్టుకోండి. గీతలు, మరకలు పూర్తిగా చెరిపిన కాపీ చేసుకున్నా చెరపని అసలు కాపీని ఉంచండి.

బయట ఇస్తే? ఇవ్వవచ్చు. ఇచ్చే ముందు ముక్కలు లెక్కపెట్టి, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నేను ఒకచోట ఇచ్చిన పొడవాటి ముక్కలను తమ హోల్డర్‌లో పట్టడంలేదని ఫ్రేము మధ్యలోకి కత్తిరించి తిరిగిచ్చారు. "కత్తిరించవద్దు, తుడవవద్దు, అంచులతో సహా టిఫ్ కావాలి" అని కాగితం మీద రాసివ్వండి.

ఆరో అడుగు: దాచడం

స్కాన్ అయిపోయింది కదా అని నెగెటివ్‌లు పారేయకండి. హార్డ్ డిస్క్ ఐదేళ్లకో పదేళ్లకో మొరాయిస్తుంది. బాగా కడిగి, బాగా దాచిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ నూరేళ్లు దాటి నిలుస్తుంది.

రబ్బరు బ్యాండ్లు, స్టాపిల్ పిన్నులు, సెల్లో టేపు, పాత జిగురు కవర్లు అన్నీ తీసేయండి. రబ్బరులోని గంధకం వెండిని పాడుచేస్తుంది. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, అవి కాలం గడిచే కొద్దీ జిగటెక్కి నెగెటివ్‌కి అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ స్లీవ్‌లు గానీ, ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ వాడండి. వెనిగర్ వాసన వచ్చేవాటికి కాగితమే మేలు, లోపలి ఆవిరి బయటికి పోతుంది. గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పొడవైన అంచు మీద నిలబెట్టి పెట్టాలి. స్టూడియో కవరు మీద ఏదైనా రాసి ఉంటే కవరును పారేయకుండా విడిగా దాచండి.

హైదరాబాద్‌లో ఎండాకాలం వేడి ఒక శత్రువు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా తేమ ఇంకో శత్రువు. అటక వద్దు, స్లాబు వేడంతా దానికే తగులుతుంది. వంటింటి గోడ, బాత్రూమ్ గోడ ఆనుకుని ఉన్న బీరువా కూడా వద్దు. ఇంట్లో మధ్యగదిలో, లోపలి గోడ పక్కనున్న స్టీలు బీరువా మధ్య అర మంచిది. డబ్బాలో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు పెట్టుకోండి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. జెల్ రంగు మారితే మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు వేయకండి.

వెనిగర్ పట్టినవి చెడిపోవడాన్ని నిజంగా నెమ్మది చేయాలంటే ఫ్రిజ్ ఒక్కటే దారి. స్కాన్ చేశాక, ఒక పొడి రోజున, రెండు జిప్‌లాక్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి గాలి తీసి మూసి ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీస్తే ఒక రోజంతా మూసిన కవర్లోనే ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవండి. ముందే తెరిస్తే చల్లటి ఫిల్మ్ మీద నీటి చెమట పడుతుంది.

ఏడో అడుగు: పేర్లు రాయడం

దీన్ని చివర పెట్టాను కానీ నిజానికి రేపే మొదలుపెట్టాల్సింది ఇదే. నెగెటివ్ ఇంకో పదేళ్లు ఆగవచ్చు, అందులో ఉన్నవాళ్లని గుర్తుపట్టేవాళ్లు ఆగకపోవచ్చు. స్లీవ్ మీద బాల్‌పెన్‌తో రాయకండి. విడి కాగితం మీద పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు. తేదీ ఖాయంగా తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టండి. అదే నంబరు స్కాన్ ఫైలుకీ ఇవ్వండి. పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకోండి. ఒక్కో ఫ్రేము చూపించి ఊరుకోండి, వాళ్లే చెబుతారు.

నుమాయిష్ ఫ్రేములు మేనత్తకి చూపించాను. పెళ్లి నెగెటివ్‌ల సంగతి చెప్పాక ఆవిడ నాతో కూర్చోవడానికి ఒప్పుకుంటుందో లేదో అని భయపడ్డాను. ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూసింది. "ఇది నాకు సంబంధం కుదిరిన జనవరి. డెబ్భై తొమ్మిది" అంది. "నాన్న కదలొద్దు, కదలొద్దు అని అరుస్తున్నారు. మీ బాబాయి పీచుమిఠాయి మొహమంతా పూసుకుని ఆయన వెనకాల వచ్చి నిలబడ్డాడు. అమ్మ చూసేసింది."

మూడో ఫ్రేమును పెద్దది చేసి చూశాం. ఎడమ అంచున, నంబరు పక్కనే, తెల్లటి పీచు అంటిన ఒక చిన్న గడ్డం సగం పడింది. బాబాయికి పంపితే ప్రింటు కావాలన్నాడు, రెండో ఫ్రేముదీ మూడోదీ.

స్లీవ్ పక్కన కాగితం మీద ఇప్పుడు ఇలా ఉంది: నుమాయిష్, నాంపల్లి, జనవరి 1979. తీసింది తాతయ్య. నానమ్మ, అంచున బాబాయి. మేనత్త చెప్పింది, ఆడియో 14.